మనం అడక్కపోతే ఎవరూ చేయని కిట్లు

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం స్కేల్ మోడలర్లు కలిసినప్పుడు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని ఉన్నది ఉన్నట్టు టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే, మైక్ ఇంకొంచెం దగ్గరికి పెట్టుకుంటా.

కంపెనీలు ఏ కిట్లు చేస్తే బాగుండు అని మనం ఎప్పుడు కలిసినా అనుకుంటూనే ఉంటాం కదా, దాని మీద మాట్లాడమన్నారు, సరే అని ఒక లిస్టు రాద్దామని కూర్చున్నా, రాస్తూ రాస్తూ రెండు పేజీలు నిండిపోయాయి, తీరా చదువుకుంటే అందులో సగం ప్రపంచంలో అందరికీ ఉండే కోరికలే, ఫలానా మిగ్ ఫలానా వెర్షన్ పెద్ద స్కేల్లో రావాలి, ఫలానా ట్యాంకు కొత్త మోల్డ్ రావాలి, ఇలాంటివి. అవి మనం అడిగినా అడక్కపోయినా ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. వాటన్నిటినీ కొట్టేశా. మనం అడక్కపోతే ఇంకెవరూ అడగరు అనిపించినవి మాత్రం ఉంచా. ఓ నాలుగైదు మిగిలాయి.

ఇవాళ పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు ఉన్నారు, మొదటిసారి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ కోసం రెండు ముక్కలు. కిట్ అంటే డబ్బాలో ప్లాస్టిక్ ఫ్రేములకి అతుక్కుని విడి పార్టులు వస్తాయి, వాటిని కత్తిరించి, సాండ్ పేపర్‌తో రుద్ది, అతికించి, రంగు వేసి, డీకాల్స్, అంటే గుర్తులు, నెంబర్లు ఉండే పల్చటి స్టిక్కర్లు, నీళ్ళలో నానబెట్టి పైన జార్చాలి. 1/72 అంటే అసలు వస్తువులో డెబ్బై రెండో వంతు, 1/48 అంటే నలభై ఎనిమిదో వంతు, అంతే. ఇదేదో ఫారిన్ హాబీ అనుకోకండి. మా అమ్మమ్మ బొమ్మల కొలువు పెట్టేది, పై మెట్ల మీద దేవుళ్ళు, కింద నేల మీద ఇసుక పోసి ఆవాలు చల్లి మొలకలొస్తే అది పొలం, అద్దం ముక్క పెడితే అది చెరువు, గట్టు మీద కొండపల్లి ఎడ్లబండి. మనం ఇప్పుడు డయోరమా అంటున్నదాన్ని ఆవిడ ఏటా చేసేది. ఆ ఎడ్లబండి పక్కనే ఒక ప్లాస్టిక్ బస్సు కూడా పెట్టేది, ఆ బస్సు ఎద్దు కన్నా చిన్నగా ఉండేది, నాకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో, అది చూసి లోపల ఏదో కుదరనట్టు ఉండేది. బస్సు పెద్దగా ఉండాలి కదా అమ్మమ్మా అంటే, పెద్దది దొరకలేదురా అనేది. ఆ దొరకని బస్సు దగ్గరికి చివర్లో వస్తా.

ముందు మారుత్.

హెచ్ఎఫ్-24 మారుత్. బెంగుళూరులో హెచ్ఏఎల్, అంటే మన ప్రభుత్వ విమానాల కంపెనీ వాళ్ళు చేసిన జెట్ ఫైటర్. మొదటిసారి ఎగిరింది 1961 జూన్ 17న. డిజైన్ చేసింది కర్ట్ టాంక్, జర్మన్ ఇంజనీరు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫోకే వుల్ఫ్ 190 అనే జర్మన్ ఫైటర్ చేసింది ఈయనే. యుద్ధం అయ్యాక అర్జెంటీనా వెళ్ళాడు, అక్కడినుంచి 1956లో మన దగ్గరికి వచ్చాడు, మనవాళ్ళతో కలిసి ఈ విమానం చేశాడు. పొడవు 15.87 మీటర్లు, రెక్కల వెడల్పు 9 మీటర్లు, అంటే 1/48లో చేస్తే 33 సెంటీమీటర్ల పొడవు, మన బీరువా అరలో హాయిగా పట్టేస్తుంది. ఆ షేప్ చూశారా మీరు ఎప్పుడైనా, సన్నటి ముక్కు, మధ్యలో నడుము నొక్కినట్టు, రెక్కలు వెనక్కి వాలి... అంత అందమైన జెట్లు ఆ కాలంలో తక్కువండి, ఇది నేను మనది అని చెప్పట్లేదు, పక్కన బ్రిటిష్‌వాళ్ళ హంటర్ జెట్‌ని పెట్టి చూసినా నా మాట ఇదే.

మొత్తం 147 చేశారు. 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారిలో పనిచేశాయి, డిసెంబర్ 7న స్క్వాడ్రన్ లీడర్ కె.కె. బక్షీ మారుత్ నడుపుతూ ఒక పాకిస్తాన్ సేబర్ జెట్‌ని పడగొట్టాడు. 1990లో సర్వీసులోంచి తీసేశారు. ముప్పై ఏళ్ళ కథ. మరి టామియా, హసెగావా, రెవెల్, ఎయిర్‌ఫిక్స్, ఈ పెద్ద కిట్ కంపెనీల్లో ఎవరైనా మారుత్ కిట్ చేశారా? లేదు. రెసిన్‌లో, అంటే చేత్తో అచ్చులో పోసి గట్టిపడనిచ్చే జిగురులాంటి దాంట్లో, చిన్న చిన్న వర్క్‌షాపులవాళ్ళు అప్పుడప్పుడు చేసినవి ఉంటాయి, వాటికి దండం పెట్టాలి, కానీ షాపుకి వెళ్ళి పన్నెండేళ్ళ పిల్లాడు కొనుక్కుని ఆదివారం కూర్చుని అతికించుకునే మారుత్ లేదు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం చెప్తా. ఇదే కర్ట్ టాంక్ టీమ్ యుద్ధం చివర్లో టీఏ 183 అని ఒక జెట్ గీశారు. గీశారు అంతే. అది ఎప్పుడూ ఎగరలేదు, ఒక్క విమానం కూడా తయారు కాలేదు, కాగితాల మీదే ఆగిపోయింది. దానికి ప్లాస్టిక్ కిట్లు ఉన్నాయి, 1/72లోనూ ఉంది 1/48లోనూ ఉంది. కాగితం మీద ఉన్న విమానానికి కిట్ ఉంది, 147 గాల్లోకి లేచి యుద్ధం చేసి వచ్చిన విమానానికి లేదు, రెండూ ఒకే మనిషివి. నేను ఇది ఎవర్నీ తిట్టడానికి చెప్పట్లేదు. ఎందుకిలా అయింది అని చాలా రోజులు ఆలోచించా.

మొదటి కారణం మీ అందరికీ తెలిసిందే, డబ్బు. ప్లాస్టిక్ ఇంజెక్షన్ మోల్డ్ అంటే స్టీలు దిమ్మలో చెక్కాలి, ఆ అచ్చు చేయడానికే పెద్ద ఖర్చు, ఒకసారి అచ్చు అయ్యాక డబ్బాలు ఎన్ని కావాలంటే అన్ని తీయొచ్చు. అందుకే కంపెనీవాడు ఒకటే లెక్క చూస్తాడు, ఈ అచ్చుతో ఎన్ని రకాల డబ్బాలు అమ్మొచ్చు అని. మిగ్-21కి అచ్చు చేస్తే డీకాల్స్ మార్చి ముప్పై నలభై దేశాల విమానం అమ్ముకోవచ్చు. నాట్ విమానం సంగతి చూడండి, మన దగ్గర సేబర్ స్లేయర్ అని పేరు, 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపింది అదే, ఎయిర్‌ఫోర్స్‌లో పరమవీర చక్ర వచ్చింది ఆయనొక్కడికే. అయినా షాపుల్లో ఎన్నో ఏళ్ళపాటు సులువుగా దొరికింది బ్రిటిష్‌వాళ్ళ రెండు సీట్ల ట్రైనర్ నాట్, ఎందుకంటే రెడ్ యారోస్, అంటే బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల టీమ్, వాళ్ళ ఎర్ర రంగు డబ్బా అక్కడ పిల్లలు కొంటారు. ఒక సీటు నాట్, దాన్నే మనవాళ్ళు మెరుగుపరిచి చేసిన అజీత్, ఇవి ప్లాస్టిక్‌లో చేసింది చెక్ దేశంలో స్పెషల్ హాబీ అనే కంపెనీ. చిన్న కంపెనీ. ఆ డబ్బా చేతికొచ్చిన రోజు నేను రెండు రోజులు పార్టులు కత్తిరించలేదు, ఊరికే ఫ్రేములు చూస్తూ కూర్చున్నా.

అంటే చిన్న కంపెనీలు చేస్తాయి. చేయగలవు. మారుత్‌కి కూడా ఈ లెక్క చెప్పొచ్చు, ఒకసారి వినండి. ఒకే ఫ్యూజలాజ్, అంటే విమానం మొండెం, దానికి ఒకే అచ్చు. దాంతో మామూలు సింగిల్ సీటర్, మొదట్లో వెండి రంగు, తర్వాత కామఫ్లాజ్. ముక్కు భాగం మారిస్తే రెండు సీట్ల ట్రైనర్. తోక భాగం మారిస్తే రీహీట్ ఇంజన్లు, అంటే వెనక గొట్టంలో మళ్ళీ ఇంధనం మండించి తోపు పెంచేవి, పెట్టి చూసిన మార్క్ 1ఆర్, 1970 జనవరిలో గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ ప్రాణం పోయిన ప్రోటోటైప్, మారుత్‌ని మొట్టమొదట గాల్లోకి తీసుకెళ్ళింది కూడా ఆయనే. తర్వాత ఈజిప్టుది, వాళ్ళ ఈ-300 ఇంజన్ని టెస్ట్ చేయడానికి మనవాళ్ళు ఒక మారుత్‌ని ఈజిప్టు పంపించారు, అక్కడ ఎగిరింది. వీటన్నిటికన్నా ముందు అసలు సైజులోనే చెక్కతో ఒక గ్లైడర్ చేసి, ఇంజన్ లేకుండా, డకోటా విమానం వెనక కట్టి లాక్కెళ్ళి గాల్లో వదిలి చూశారు, షేప్ సరిగ్గా ఎగురుతుందా లేదా అని. డకోటా వెనక తాడుతో చెక్క మారుత్, ఆ డయోరమా ఊహించుకోండి! ఐదు డబ్బాలు అయ్యాయి ఒక్క అచ్చుతో. కొనేవాళ్ళు మనమే కాదు, ఫోకే వుల్ఫ్ పిచ్చి ఉన్న జర్మన్ మోడలర్లు ఉన్నారు, టాంక్ చివరగా చేసిన ఫైటర్ వాళ్ళ అరలో ఉండొద్దా?

కాబట్టి డబ్బు ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. రెండో కారణం ఉంది, దాని గురించే ఇవాళ ముఖ్యంగా మాట్లాడాలనుకున్నా. అచ్చు చేయాలంటే కొలతలు కావాలి. టీఏ 183 ఎగరకపోయినా దాని డ్రాయింగులు యుద్ధం తర్వాత పుస్తకాల్లోకి ఎక్కి లోకమంతా తిరిగాయి. మారుత్‌వి? నా దగ్గర రెండు డ్రాయింగులు ఉన్నాయి, రెండూ 1/72కి సైజు మార్చి ఒకదాని మీద ఒకటి పెట్టి లైటుకి ఎదురుగా పట్టుకుంటే కానోపీ, అంటే పైలట్ మీద ఉండే అద్దం మూత, దాని దగ్గర మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. మూడు మిల్లీమీటర్లే కదా అనుకుంటారు, డెబ్బై రెండుతో గుణించండి, ఇరవై ఒక్క సెంటీమీటర్లు దాటింది, అంటే పైలట్ తల పట్టేంత తేడా. ఏది కరెక్టు? అసలు దాని దగ్గరికి వెళ్తేనే తెలుస్తుంది.

వెళ్ళా. బెంగుళూరులో హెచ్ఏఎల్ హెరిటేజ్ సెంటర్‌లో ఒక మారుత్ ఉంది. అక్కడివాళ్ళని అడిగి, ముట్టుకోకుండా ఎంతవరకు కొలవొచ్చో అంతవరకు కొలిచా. మేస్త్రీలు వాడే గుండు దారం ఉంటుంది కదా, నేల మీద చాక్‌పీస్ గీత గీసి, ముక్కు కొసకి సూటిగా కింద ఒక చుక్క, కానోపీ ముందు అంచు కింద ఒక చుక్క, అలా తోక దాకా చుక్కలు పెట్టుకుంటూ పోవాలి, తర్వాత చుక్కల మధ్య దూరం టేపుతో. ఫోటోలు తీసేటప్పుడు దగ్గర నిలబడి తీస్తే ముక్కు లావుగా వస్తుంది, ఇది చాలామంది చేసే పొరపాటు, వీలైనంత దూరం వెళ్ళి జూమ్ పెట్టి తీయాలి. చుట్టూ తిరుగుతూ అడుగడుక్కీ ఒక ఫోటో, కింద నుంచి, వీలైతే పైనుంచి కూడా, ఒక రెండు వందల ఫోటోలు ఉంటే కంప్యూటర్లో త్రీడీ షేప్ కట్టేస్తుంది, ఆ సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఫ్రీగా కూడా దొరుకుతున్నాయి. ఒక్క మాట, ఇదంతా మ్యూజియంలో ఉన్నవాటికే, అది కూడా పర్మిషన్ తీసుకుని. ఎయిర్ బేస్ గోడ పక్కన టేపు, కెమెరా పట్టుకుని ఎవరూ తిరగొద్దు, పిల్లలకి కూడా చెప్పండి.

ఇది ఇప్పుడే ఎందుకు చేయాలంటే, విక్రాంత్ సంగతి చెప్తా. పాత విక్రాంత్, విమానాలు మోసే యుద్ధనౌక, 1961లో నేవీలోకి వచ్చింది, 1971లో బంగాళాఖాతంలో ఉండి చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీదకి విమానాలు పంపించింది. ముంబైలో మ్యూజియంగా ఉన్నప్పుడు నేను కుటుంబంతో వెళ్ళా. 36 ఫోటోల రీలు. ఇంటికొచ్చి కడిగిస్తే అన్నిట్లో మా ఆవిడ, పిల్లలు ఓడ ముందు నిలబడి ఉన్నారు. విమానాన్ని గాల్లోకి విసిరే కాటపుల్ట్ లేదు, విమానాల్ని పైకి తెచ్చే లిఫ్ట్ గొయ్యి లేదు, డెక్ మీద ఐలాండ్ అనే గదుల కట్టడం వెనక వైపు లేదు. మళ్ళీ వస్తాం కదా అనుకున్నా. 2012లో మ్యూజియం మూసేశారు, 2014లో ముక్కలు చేసేశారు, ఆ ఇనుముతో ఒక మోటార్ సైకిల్ కూడా వచ్చింది. ఓడ లేదు. ఇప్పుడు ఎవరైనా 1/350లో, అంటే 60 సెంటీమీటర్ల పైన, విక్రాంత్ చేస్తానంటే దాని అక్కచెల్లెళ్ళ డ్రాయింగులు ఉన్నాయి, ఆస్ట్రేలియాది మెల్బోర్న్, కెనడాది బోనవెంచర్, ఒకే క్లాసు ఓడలు, అచ్చు లెక్కకి కూడా మంచిదే, మూడు దేశాలకి అమ్మొచ్చు. కానీ మనవాళ్ళు మన ఓడ మీద చేసుకున్న మార్పులు ఏ డ్రాయింగులో దొరుకుతాయి? నాలాంటి వాళ్ళ ఇళ్ళలో ఆల్బమ్స్‌లో, మనుషుల భుజాల వెనక, కొంచెం కొంచెం.

విశాఖవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఆ, నలుగురు. మీకు అదృష్టం ఉంది, కురుసుర ఉంది. బీచ్ రోడ్డులో ఒడ్డున నిలబెట్టిన సబ్‌మెరైన్, 1969లో సర్వీసులోకి వచ్చి 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. సోవియట్ ఫాక్స్‌ట్రాట్ రకం, పొడవు 91 మీటర్ల పైనే. ఫాక్స్‌ట్రాట్ కిట్లు బయటివాళ్ళు చేశారు, అది కాదు నాకు కావాల్సింది. నాకు కావాల్సింది లోపలిది. మీరు లోపలికి వెళ్తే ముందు టార్పెడో గొట్టాలు ఆరు, తర్వాత గుండ్రటి తలుపుల్లోంచి వంగి వంగి నడవాలి, బంకులు, కంట్రోల్ రూము, డీజిల్ ఇంజన్లు, వెనక మళ్ళీ నాలుగు గొట్టాలు, నెత్తి మీద పైపులే పైపులు. ఒక పక్క గోడ తీసేసి ఆ లోపలంతా కనబడేలా కిట్ రావాలి. జర్మన్ యు-బోట్ సబ్‌మెరైన్‌కి రెవెల్ వాళ్ళు అలా చేశారు. మనది 1/72లో చేస్తే నాలుగు అడుగుల పైన వస్తుంది, ఇంట్లో గొడవవుతుంది, 1/144 అయితే 63 సెంటీమీటర్లు, చాలు. కొలవడానికి పడవేసుకుని సముద్రంలోకి వెళ్ళక్కర్లేదు, టికెట్ కొనుక్కుని లోపల నడవడమే. దాని ఎదురుగానే టీయూ-142 విమానం కూడా ఉంది, దానికి పెద్ద కిట్ ట్రంపెటర్ చేసింది కాబట్టి దాని గురించి మాట్లాడను.

కిరణ్ అనే ట్రైనింగ్ జెట్ గురించి ఒక్క నిమిషం. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ఆకాశంలో విమానం అంటే దుండిగల్, హకీంపేట వైపు నుంచి వచ్చే ఆ బొద్దు ముక్కు ట్రైనరే. 1964లో మొదటిసారి ఎగిరింది, పక్కపక్కన రెండు సీట్లు, ఎంతమంది పైలట్లు దాంట్లో నేర్చుకున్నారో. 1996లో బీదర్‌లో మన ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల టీమ్ సూర్యకిరణ్ మొదలైంది దీంతోనే. తొమ్మిది కిరణ్‌లు వరసగా అరలో పెట్టుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది, రెడ్ యారోస్ తొమ్మిదీ పెట్టుకున్న బ్రిటిష్ మోడలర్ల అరలు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. అంతే.

ఇక బస్సు.

మా నాన్నగారు ఆర్టీసీలో బాడీ బిల్డింగ్ షాపులో పనిచేశారు. చాలామందికి తెలియదు, లేలాండ్ నుంచి వచ్చేది చాసిస్, అంటే ఇంజను, చక్రాలు, అడ్డ పట్టీలు, స్టీరింగ్, పైన డబ్బా మొత్తం ఆర్టీసీ వర్క్‌షాపుల్లో మనవాళ్ళు కట్టేవాళ్ళు. అందుకని మన ఎర్రబస్సు ఇంకెక్కడా లేదు. తమిళనాడు బస్సు ముఖం వేరు, కర్ణాటకది వేరు. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైన దగ్గర్నుంచి ఎన్ని రకాలు వచ్చాయి, ట్యాంక్‌బండ్ మీద తిరిగిన డబుల్ డెక్కర్ ఒక్కటి చాలు ఒక కిట్‌కి. లండన్ రూట్‌మాస్టర్‌ని రెవెల్ 1/24లో చేసింది, మెట్లతో, సీట్లతో సహా, ఆ డబ్బా తెరిచినప్పుడు నాకు కళ్ళ ముందు మన డబుల్ డెక్కరే కనబడింది.

నేను కోరుకునేది పల్లెవెలుగు. 1/35 అయితే మనుషుల బొమ్మలు దొరుకుతాయి కాబట్టి ఆ స్కేల్. కిటికీలకి అడ్డంగా ఇనుప కడ్డీలు, వెనకాల పైకెక్కే నిచ్చెన, టాప్ మీద సామాన్ల క్యారియర్, దాని మీద వేయడానికి విడిగా బస్తాలు, సైకిలు, ఒక కోళ్ళ గంప. లోపల కప్పు పొడవునా గంట తాడు. డ్రైవర్ వెనక జాలీ. డీకాల్ షీటు మీద "స్త్రీలకు మాత్రమే", జెడ్ సిరీస్ నెంబర్లు, ముందు అద్దం మీద ఊళ్ళ బోర్డులు ఓ ఇరవై, ఎవరి ఊరు వాళ్ళు అతికించుకునేలా. ఏ ఊరి బోర్డులు వేయాలి అని అడిగితే ఈ హాల్లోనే యుద్ధం అవుతుంది, నాకు తెలుసు.

నాన్నగారు రిటైరయ్యాక ఒకసారి అడిగా, కిటికీ ఎంత వెడల్పు ఉండేది నాన్నా అని. ఆయన చెప్పలేదు. లేచి వెళ్ళి గోడకి చెయ్యి ఆనించి, జానలు వేసి చూపించారు, ఇక్కడ్నుంచి ఇక్కడికి, ఇక్కడ రివిట్ వరస, ఇక్కడ రబ్బరు బీడింగ్ అని. ఆయన చేతుల్లోనే ఉంది కొలత. నేను పెన్సిల్‌తో గోడ మీదే గుర్తులు పెట్టుకుని తర్వాత టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో ఎక్కించా. తలుపు అయింది, కిటికీలు అయ్యాయి, ముందు ముఖం గ్రిల్ దాకా వచ్చాం. వెనక వైపు రేపు చెప్తాలేరా అన్నారు. ఆ వెనక వైపు నా డ్రాయింగులో ఇప్పటికీ ఖాళీగానే ఉంది, ఆయన పోయి ఆరేళ్ళయింది.

...మంచినీళ్ళు ఇస్తారా. థాంక్స్ బాబు.

సరే, ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ, నువ్వు అడుగు నాన్నా.

(ఒక కుర్రాడు: అంకుల్, ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చేశాయి కదా, కంపెనీలు చేసేదాకా ఆగడం ఎందుకు, మనమే ప్రింట్ చేసుకోవచ్చు కదా?)

చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. బస్సుకి గ్రిల్, సీట్లు నేను అలాగే చేయించుకుంటున్నా. మారుత్ లాంటిదానికి కానోపీ అద్దంలా రావాలంటే ప్రింట్ కష్టం, ప్యానెల్ గీతలు సన్నగా రావడం కష్టం, ఒక్కోటి ఒక్కోసారి ప్రింట్ చేయాలి కాబట్టి ధర దిగదు. కానీ ప్రింటర్‌కైనా ముందు ఫైలు కావాలి, ఫైలుకి కొలతలు కావాలి, మళ్ళీ అక్కడికే వచ్చాం. నీకు ఆ త్రీడీ సాఫ్ట్‌వేర్ వచ్చా? వస్తే అయ్యాక నా దగ్గరికి రా, ఆ రెండు వందల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తా.

ఇంకెవరు? చెప్పండమ్మా.

(ఒకావిడ: మా మామగారు ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ డ్యూటీ చేశారండి, జోధ్‌పూర్‌లో. ఆయన ఆల్బమ్‌లో ఇందాక మీరు చూపించిన విమానం ఫోటోలు ఉన్నాయి, బ్లాక్ అండ్ వైట్. పనికొస్తాయా?)

మారుత్ ఫోటోలా? అమ్మా, పనికొస్తాయా అని అడక్కండి. ఫోన్‌తో ఫోటోకి ఫోటో తీయకండి, స్కానర్ నేను తెస్తా, ఆల్బమ్ మీ ఇంట్లోంచి కదపక్కర్లేదు. వెనకాల ఏమైనా రాసుంటే అది కూడా కావాలి, తేదీ, ఊరు, ఏదైనా. ఆయన ఉన్నారా? ఆరోగ్యంగా ఉన్నారా?

(ఉన్నారండి, ఎనభై రెండు. చెవులు కొంచెం వినబడవు.)

అయితే ఆయన్ని ఒక్కటి అడగాలి. ముందు చక్రం మడిచి లోపలికి వెళ్ళే గూడు ఉంటుంది, ఆ గూడు లోపల ఏ రంగు వేసేవాళ్ళు? వెండి రంగా, లేత ఆకుపచ్చా, పసుపు పచ్చా? బ్లాక్ అండ్ వైట్‌లో అది తెలీదు, మ్యూజియంలోవాటికి మళ్ళీ మళ్ళీ రంగులు వేసేశారు. ఆయన చేతులు అందులో పెట్టి ఉంటారు కదా. ఇప్పుడు ఇంట్లోనే ఉంటారా? చేస్తారా ఫోను? చేయండి, మేమందరం ఆగుతాం. స్పీకర్‌లో పెట్టి గట్టిగా అడగండి, గూడు లోపల ఏ రంగు అని.